దూరం: కొంచెం

రాధాకృష్ణగారు రోజూ పొద్దున్న ఆఫీసుకి బయల్దేరేముందు, బూట్లు వేసుకుని నిలబడే, ఆన్సరింగ్ మెషిన్ మీట నొక్కేవారు. మెసేజీల కోసం కాదు. వాటిని ముందురోజే విని, కాగితం మీద రాసిపెట్టుకునేవారు. పొద్దున్న ఆయన వినేది తన గొంతు. "నమస్కారం. మూడు లోయల తెలుగు సమాజం కార్యదర్శి రాధాకృష్ణ ప్రస్తుతం సమాజ కార్యక్రమాలలో నిమగ్నమై ఉన్నారు. దయచేసి మీ సందేశం..." అక్కడిదాకా విని, మీట ఆపి, కారు తాళాలు తీసుకునేవారు.

అరగంట డ్రైవ్ చేసి ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఆయన పేరు 'రాడ్' అయిపోయేది. రాధాకృష్ణ అనడానికి అక్కడెవరికీ తీరిక లేదు. ఊళ్లో మురుగు ఎటు పారాలో ఇంజనీర్లు నిర్ణయిస్తారు. దాన్ని కాగితం మీద గీయడం రాడ్ పని. ఎనిమిదేళ్లుగా ఆయన గొట్టాల వాలు తప్పకుండా గీస్తున్నారు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా "రాడ్, నువ్వేమంటావ్?" అని ఎవరూ అడగలేదు. సాయంత్రం కారు తాము ఉండే డబ్లిన్ ఊరి మలుపు తిరిగేసరికి మళ్లీ ఆయన కార్యదర్శిగారు.

ఆ పదవి ఎలా వచ్చిందో ఆయన ఎవరికీ చెప్పేవారు కాదు గానీ, అందరికీ తెలుసు. 1978లో ఎనిమిది కుటుంబాలు ఒక గరాజులో కూర్చుని సమాజం పెట్టుకున్నాయి. "కార్యదర్శిగా ఎవరుంటారు?" అని అడిగితే అందరూ తలలు వంచుకుని తమ తమ ప్లేట్లలోని సమోసాల్ని పరీక్షించారు. తలెత్తి ఉన్నది ఆయన ఒక్కరే. ఆ వారమే ఆయన నియమావళి రాశారు, పదకొండు పేజీలు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆయన పేరు మిత్రుడు భాస్కర్ ప్రతిపాదించడం, ఇంకెవరో బలపరచడం, అందరూ చప్పట్లు కొట్టి భోజనానికి లేవడం. ఆరేళ్లు అలా గడిచాయి.

సమాజం ఏ పని చేసినా పులిహోర ఆయన భార్య ఉషాగారు కలిపేవారు. ఉగాదికి, దీపావళికి, వేసవి పిక్నిక్‌కి, ఎవరైనా పండితుడు వస్తే ఆయన సన్మానానికి. ఇది నియమావళిలో లేదు గానీ, నియమావళిలో ఉన్నవాటికన్నా కచ్చితంగా అమలయ్యేది. ఎనిమిది కుటుంబాలు నలభై ఏడయ్యాయి. పులిహోర పళ్లెంలోంచి గంగాళంలోకి, గంగాళంలోంచి చేపలు పట్టేవాళ్లు వాడే రెండు నీలం రంగు ఐసుపెట్టెల్లోకి ఎదిగింది.

1984 వేసవిలో డాక్టర్ జగన్మోహన్‌గారు కార్యదర్శి పదవికి పోటీ చేస్తానన్నారు.

ఆయన మత్తు డాక్టరు. ఇల్లు కొండవాలు మీద, ఈతకొలనుతో సహా. "సమాజానికి కొత్త రక్తం ఎక్కించాలి" అని ఆయన ఎవరింటికి భోజనానికి వెళ్తే అక్కడ అనేవారు. పైగా ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఫోన్‌లోనే ఉచితంగా సలహా చెప్పేవారు. రాధాకృష్ణగారు ఒక కాగితం మీద నలభై ఏడు పేర్లూ రాసి లెక్కేసుకున్నారు. డాక్టరుకి ఏ రకంగానూ కృతజ్ఞత చూపనవసరం లేని కుటుంబాలు పద్నాలుగే తేలాయి.

అప్పుడాయన తన నియమావళి తానే తీసి చదివారు. మూడో పేజీలో ఆధారం దొరికింది. కుటుంబానికి ఒక ఓటు. సర్వసభ్య సమావేశానికి స్వయంగా వచ్చినవారికే ఓటు. పోటీ చేసేవారు సమావేశం మొదలయ్యే వేళకు సభలో లేకపోతే పోటీలో లేనట్టే. సమావేశం ఎక్కడ జరపాలన్నది మాత్రం కార్యదర్శి ఇష్టం.

జగన్మోహన్‌గారు నడవరని ఊరందరికీ తెలుసు. ఆస్పత్రిలో కారు పెట్టే చోటు తలుపుకి ముప్పై అడుగుల దూరంలో ఉంటే, అదీ దగ్గరకు మార్పించుకున్న మనిషి.

రాధాకృష్ణగారి దగ్గర అటవీశాఖ వాళ్ల కరపత్రం ఒకటి ఉంది. డబ్లిన్ నుంచి మూడు గంటలు తూర్పుగా పోతే సియెర్రా కొండలు. అక్కడ పైన ఒక పచ్చికబయలు, అందులో ఒక దుంగల గుడిసె. వేసవిలో ఆవుల్ని పైకి తోలుకొచ్చి మేపే స్విస్ సంతతి ముసలావిడ ఒకరు అక్కడ ఉంటారు, నడిచి వచ్చినవాళ్లకు చల్లటి మజ్జిగ అమ్ముతారు. కుటుంబంతో వెళ్లడానికి అనువైన నడక అని కరపత్రంలో ఉంది. ఏ కుటుంబమో అందులో లేదు.

ఆయన నలభై ఏడు ఇళ్లకూ నోటీసు పంపారు. "సర్వసభ్య సమావేశం, వనభోజనం. జూలై 14, శనివారం. స్థలం: కొండమీది గుడిసె. బయల్దేరేది పొద్దున్న ఏడింటికి. సమావేశం మధ్యాహ్నం ఒంటిగంటకు. పిల్లలకు, పెద్దలకు అనువైన నడక. దూరం: కొంచెం."

ఉషాగారు నోటీసు చదివారు.

"కొంచెం అంటే ఎంతండీ?"

"మూడు మైళ్లు."

"ఎక్కుడా?"

"కొండ కదా. కొండన్నాక కొంచెం ఎక్కుడుంటుంది."

"అది రాయలేదేం?"

"నోటీసులో చోటు చాల్లేదు."

ఉషాగారు నోటీసు కింద ఖాళీగా ఉన్న అరపేజీ కేసి చూసి, చింతపండు నానేయడానికి వెళ్లారు.

ఆ రోజు సంగతి నాకు ముగ్గురు చెప్పారు. ముగ్గురూ దూరం మూడు రకాలుగా చెప్పారు. మిగతావన్నీ కలిశాయి.

దారి మొదలయ్యే చోట పార్కింగ్‌లో రాధాకృష్ణగారు ఎనిమిది గంటలకే నిలబడ్డారు. నోటీసులో ఏడని వేస్తే జనం తొమ్మిదికి వస్తారని ఆయన అంచనా. పదింటికి వచ్చారు. ఇరవై కుటుంబాలు దాటవనుకుంటే ఇరవై ఆరు వచ్చాయి. ఆఖరున జగన్మోహన్‌గారి పొడుగాటి కారు వచ్చి ఆగింది. ఆయన దిగారు. కాళ్లకు కొత్త పర్వతారోహణ బూట్లు, తలకు టోపీ, చేతిలో ఊతకర్ర. నోటీసు అందిన రోజే ఈ బూట్లు కొన్నారట.

"ఏమండీ కార్యదర్శిగారూ, నేను రాననుకున్నారా?"

"అయ్యో, ఎంత మాట! మీరు రాకపోతే సభకి నిండెక్కడిది?" అన్నారు రాధాకృష్ణగారు. ఆయన మొహంలో నిండు ఏమీ కనిపించలేదని మాత్రం ముగ్గురూ చెప్పారు.

డాక్టరుగారి వెనక ఆయన భార్య నళిని, ఆవిడ వెనక వాళ్లమ్మ వసుమతిగారు దిగారు. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. కూతురింటికి ఆరు నెలలకని వచ్చారు. నేత చీర పైకి దోపి, చెప్పులు విప్పి కారులో పెట్టారు.

"అమ్మా, చెప్పులేసుకో, రాళ్లు," అంది నళిని.

"కొండెక్కుతూ చెప్పులేమిటే? ఏడుసార్లు అలిపిరి మెట్లెక్కాను. ఇక్కడ మెట్లు కూడా లేవు, ఇదీ ఒక కొండేనా," అని ఆవిడ ముందు నడిచారు. నాలుగడుగులు వేసి, అలవాటు కొద్దీ, "గోవిందా!" అన్నారు. వెనకనుంచి ఇరవై ఆరు కుటుంబాలు, ఎవరూ చెప్పకుండానే, "గోవిందా!" అన్నాయి.

ఆ ఒక్క కేకతో జగన్మోహన్‌గారి పక్షం కొండెక్కడం మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులవాళ్లు, రక్తపోటు వాళ్లు, చంటిపిల్లల వాళ్లు, ఫోన్‌లో వైద్యం చేయించుకున్నవాళ్లంతా వసుమతిగారి వెనక పడ్డారు. అరవై ఎనిమిదేళ్ల ఆవిడ ముందు కూర్చుండిపోవడం అందరికీ మొహమాటంగానే ఉంది.

కూర్చున్నవాళ్లు రాధాకృష్ణగారి వాళ్లు.

మొదటి మైలుకే భాస్కర్‌గారు ఒక బండ చూసుకున్నారు.

"అరె రాధాకృష్ణా, నాతోని కాదురా భయ్. నా ఓటు నీకే. ఈడికెల్లే వేస్త."

"ఇక్కడ్నుంచి చెల్లదురా. స్వయంగా సభలో ఉండాలి."

"గట్ల రాసింది ఎవడ్రా?"

రాధాకృష్ణగారు ఆయన చెయ్యి పట్టి లాగారు. "లే, లే. అదిగో, ఆ మలుపు తిరిగితే గుడిసె. పది నిమిషాలు."

పది నిమిషాల తర్వాత ఇంకో మలుపు. అక్కడ వేరొకరికి ఆయాసం. "అదిగో, ఆ చెట్ల వెనకాలే. పది నిమిషాలు." ముందున్నవాళ్లని సాగనంపి, వెనక్కి దిగి, వెనకవాళ్లని లేపి, ఐసుపెట్టె మోస్తున్నవాళ్లకి భుజం మార్చి, మళ్లీ పైకి. ఆయన ఆ దారంతా మూడుసార్లు నడిచారని తర్వాత లెక్క తేలింది.

ఆయన కూతురు రేణుకి తొమ్మిదేళ్లు. పుట్టినరోజుకి కొనిచ్చిన డిజిటల్ వాచీ చేతికుంది.

"నాన్నా, ఇది సెవెంత్ 'అదిగో'. టెన్ మినిట్స్ అన్నావ్, ట్వెంటీ సిక్స్ అయింది."

"కొండమీద టైమ్ అలాగే ఉంటుందమ్మా."

"టైమ్ సేమ్ ఉంటుంది నాన్నా. సైన్స్‌లో చెప్పారు."

"నువ్వు ముందెళ్లి అమ్మకి హెల్ప్ చెయ్యి," అన్నారాయన. సైన్సు ఆ రోజు ఆయన పక్షాన లేదు.

పన్నెండింటికి పైనున్న తనవాళ్లని లెక్కపెట్టుకున్నారు. తన ఇల్లు కాక పన్నెండు కుటుంబాలు. డాక్టరు పక్షం నళినితో కలిపి పన్నెండు. తన ఇంటి ఓటుతో పదమూడు. గెలుపే. అయినా భాస్కర్‌ని కూడా లాక్కొస్తే నిశ్చింతగా ఉంటుందని మళ్లీ కిందికి దిగారు. కొంత దూరం దిగాక, వాగు పక్కన పడిపోయిన దుంగమీద ఒక మనిషి కనిపించారు. ఒక కాలికి బూటు లేదు. మడమ మీద రూపాయి కాసంత బొబ్బ.

జగన్మోహన్‌గారు. చుట్టుపక్కల ఎవరూ లేరు. అత్తగారి వేగానికి అందుకోలేక ఆయన ఎప్పుడో వెనకబడ్డారు, ఆ సంగతి గోవింద నామాల మధ్య ఎవరూ గమనించలేదు.

రాధాకృష్ణగారికి వాచీ చూడనక్కర్లేకపోయింది. సమావేశం మొదలయ్యే వేళకు పోటీదారు సభలో లేకపోతే, పోటీ లేదు. ఓట్లే అక్కర్లేదు. చప్పట్లు, భోజనం.

"ఇంకెంతుందండీ రాధాకృష్ణగారూ?" అన్నారు డాక్టరు, బూటుకేసి చూస్తూ.

పొద్దుటినుంచి ఎనభైమందికి 'పది నిమిషాలు' అని చెప్పిన నోరు అది. ఇప్పుడు పది నిమిషాలంటే ఈయన లేచి వచ్చేస్తాడు. అందుచేత రాధాకృష్ణగారు ఆ రోజుకి మొదటిసారి నిజం చెప్పారు.

"ముప్పావు మైలు. నిట్టనిలువు ఎక్కుడు. మీ కాలితో అయితే నలభై నిమిషాలు. పైగా ఆఖర్న రాళ్లు. నా మాట విని మీరు దిగిపోండి డాక్టరుగారూ. కిందికైతే హాయి."

జగన్మోహన్‌గారు ఆయన మొహంలోకి చూశారు. తర్వాత మెల్లగా నవ్వారు.

"భాస్కర్‌కి ఎంత చెప్పారు?"

రాధాకృష్ణగారు వంగి తన బూటు తాడు సవరించుకున్నారు.

"పది నిమిషాలన్నారు. నేను విన్నాను. మీవాళ్లకి పది, నాకు నలభైయా? పొద్దుటినుంచి మీ లెక్క చూస్తున్నానండీ. ఓటు వేసేవాడికి దూరం తగ్గుతుంది, అడిగేవాడికి పెరుగుతుంది. అంటే నాలుగు నిమిషాలు. ఆ చెట్టు దాటితే గుడిసే."

"ఒట్టు డాక్టరుగారూ, నలభై."

"ఒట్టు కూడానా! అయితే మూడే," అని ఆయన బూటు తొడుక్కుని లేచారు.

ఇక భాస్కర్ కోసం దిగితే ఒంటిగంటకు రాధాకృష్ణగారే సభలో ఉండరు. నియమం నియమమే, అందులోనూ తను రాసింది. ఆయన కూడా పైకి తిరిగారు. ఆ ముప్పావు మైలూ సమాజంలో రెండు పక్షాల నాయకులు ఒకరి పక్కన ఒకరు నడిచారు. మలుపు మలుపుకీ డాక్టరు "ఇంకెంత?" అనడం, ఈయన గజాలతో సహా నిజం చెప్పడం, ఆయన "అబద్ధాలకి కూడా ఒక హద్దుండాలి" అని కోపం తెచ్చుకుని ఇంకో మలుపు ఎక్కడం. కోపం లేకపోతే ఆ కాలితో ఆయన ఎక్కగలిగేవారే కాదు. రాళ్ల దగ్గర ఆగి చెయ్యి చాపారు.

రాధాకృష్ణగారు ఆ చేతికేసి చూస్తూ నిలబడ్డారు.

"ఓటడగట్లేదండీ బాబూ. చెయ్యడుగుతున్నాను."

మొహమాటం మనిషి. అందించారు.

వాళ్లు పచ్చికబయల్లోకి వచ్చేసరికి ఒంటిగంటకు రెండు నిమిషాలుంది. ముసలావిడ గుడిసె గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. పట్టుచీరలు, ఐసుపెట్టెలు, జంబుఖానాలు, ఎనభైమంది జనం, 'గోవిందా' విని గడ్డి మేయడం మానేసి వరసగా నిలబడి చూస్తున్న ముప్పై ఆవులు.

"ఈ జనానికి పెద్ద ఎవరు?" అని ఆవిడ ఇంగ్లీషులో అడిగారు.

"నేను," అన్నారు రాధాకృష్ణగారూ, జగన్మోహన్‌గారూ ఒకేసారి.

"తేలాక చెప్పండి," అని ఆవిడ మజ్జిగ కడవ దగ్గరకు వెళ్లారు.

సమాజానికి అధ్యక్షుడు రామమోహన్‌గారు. అలంకారప్రాయమైన పదవి కనక ఆయనంటే ఎవరికీ విరోధం లేదు. ఆయన గుడిసె అరుగు మీద నిలబడి స్వాగతం పలికి, దీపం వెలిగించాలన్నారు. ఎండుగడ్డి పక్కన అగ్గిపుల్ల గీస్తే బయటికి పంపేస్తానని ముసలావిడ అన్నారు. దీపం వెలిగించినట్టు భావించి సభ మొదలైంది.

చేతులెత్తే పద్ధతి. జగన్మోహన్‌గారికి పన్నెండు ఇళ్లు. రాధాకృష్ణగారికి పన్నెండు ఇళ్లు. రామమోహన్‌గారు రెండుసార్లు లెక్కపెట్టారు. తనకి తాను చెయ్యెత్తుకోవడం బాగుండదని రాధాకృష్ణగారు చేతులు కట్టుకుని కొండల కేసి చూస్తున్నారు. ఆ పని ఇంటావిడ చేస్తారని ఆయన ధీమా. ఇన్నేళ్లూ చప్పట్లు కూడా ముందు ఆవిడవే.

"ఉషాగారూ, మీ ఇంటి ఓటు రాలేదు," అన్నారు రామమోహన్‌గారు. "చెప్పండమ్మా."

ఉషాగారు ఐసుపెట్టె మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. మోచేతులదాకా పసుపు ఇంకా పోలేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి కలిపిన పులిహోర ఆ పెట్టెలోనే ఉంది. ఆవిడ గ్లాసు పక్కన పెట్టారు.

"అన్నయ్యగారికి," అన్నారు.

"ఎవరికమ్మా?"

"డాక్టరు అన్నయ్యగారికి."

ఒక ఆవు మెడలో గంట కదిలింది. ఆ చప్పుడు అందరికీ వినిపించింది.

"ఉషా!" అన్నారు రాధాకృష్ణగారు.

"కోపం కాదండీ," అన్నారు ఉషాగారు, భర్తతో కాదు, సభతో. "ఆరేళ్లు కలిపాను. నలభై ఏడిళ్లకి. చెయ్యి పడిపోతోంది. ఈ ఏడు వదినగారిని కలపనివ్వండి."

గెలుపు అప్పుడే వికసిస్తున్న డాక్టరుగారి మొహం అలాగే ఉంది గానీ, పక్కన నళిని మొహంలో రంగు పోయింది. "నాకు... నాకు పులిహోర రాదే," అంది.

"నేర్చుకో," అన్నారు వసుమతిగారు. "నాకెల్లుండి ఫ్లైటు."

రాధాకృష్ణగారికి నియమావళి పదకొండు పేజీలూ కళ్లముందు తిరిగాయట. వేసిన ఓటు వెనక్కి తీసుకోవచ్చా అన్న విషయం మీద ఆయన ఏమీ రాసుకోలేదు. చప్పట్లు, భోజనం. ఆ పులిహోరే అందరూ తిన్నారు, ఆయన కూడా.

సర్దుకుని బయల్దేరేటప్పుడు ముసలావిడ మళ్లీ అడిగారు. "తేలిందా? ఎవరైతే ఏం, ఆఖరుగా వెళ్లేవాడు కంచె తలుపు వెయ్యాలి. నా ఆవులు దిగిపోతాయి."

కొత్త కార్యదర్శిగారు బూటు విప్పి కాలికి పట్టీ వేసుకుంటున్నారు. రాధాకృష్ణగారు అందరూ దాటేదాకా నిలబడి, తలుపు వేసి, గొళ్లెం పెట్టి, ఒకసారి లాగి చూశారు.

దిగేటప్పుడు జనం అలవాటు కొద్దీ ఆయన్నే అడిగారు, ఇంకెంత అని. ఇప్పుడాయనకి ఎవరితోనూ పని లేదు. దారి మూడుసార్లు నడిచిన మనిషి. "ఒక మైలూ ఏడువందల గజాలు. ముప్పై ఐదు నిమిషాలు," అనేవారు. అంతే అయ్యేది. రేణు వాచీ చూసి, "కరెక్ట్ నాన్నా!" అనేది. మిగతావాళ్లకి ఇది నచ్చలేదు. "గెలిచుంటే పది నిమిషాలనేవాడు. ఓడిపోయాక మర్యాద కూడా పోయింది," అని ఒకావిడ అన్నారు. రెండు మైళ్లు దిగాక భాస్కర్‌గారు అదే బండమీద నిద్రపోతూ కనిపించారు.

"ఏమాయెరా? గెల్చినవా?"

"నువ్వొచ్చుంటే పదమూడూ పదమూడూ అయ్యేది."

"మరి ఆ పదమూడోది ఎవరు వేసిండ్రు వానికి?"

"మా ఇంట్లోంచే," అన్నారు రాధాకృష్ణగారు. భాస్కర్‌గారు నవ్వడం మొదలుపెట్టి కారుదాకా ఆపలేదు.

తర్వాత వారం రాధాకృష్ణగారు ఆఫీసు కాగితం మీద ఆ దారి గీశారు. వాలు ఎక్కడెంతో, నీడ ఎక్కడుందో, కూర్చోదగిన బండలు ఎన్నో, భాస్కర్ పడుకున్నదానితో సహా. ఆ నకలు ఒకటి బల్లమీద మరచిపోతే పై ఇంజనీరు చూశాడు. "రాడ్, ఇది పిల్లలతో వెళ్లొచ్చా? నువ్వేమంటావ్?" అని అడిగాడు. ఎనిమిదేళ్లలో మొదటిసారి. రాధాకృష్ణగారు ముందు పిల్లల వయసులు అడిగారు.

మరుసటి ఏడు జగన్మోహన్‌గారు కేటరింగ్ పెట్టించారు. ఆ పులిహోరలో ఇంగువ లేదన్న తగాదా మీద సమాజం రెండయింది. రెండో సమాజం వాళ్లు కార్యదర్శిగా ఉండమని రాధాకృష్ణగారింటికి వచ్చారు. ఆయన లోపలికేసి చూశారు. వంటింట్లోంచి చప్పుడేమీ రాలేదు. వద్దన్నారు. ఆ తర్వాత ప్రతి జూలైలోనూ ఆయన కొండమీది గుడిసెకి నడక పెట్టేవారు. నోటీసులో దూరం, ఎత్తు, పట్టే సమయం, అన్నీ రాసేవారు. అవన్నీ చదివాక నాలుగైదు కుటుంబాలకి మించి ఎప్పుడూ రాలేదు. భోజనం ఎవరిది వారే తెచ్చుకోవాలని కూడా అందులోనే ఉండేది.

రాధాకృష్ణగారికి ఇప్పుడు ఎనభై ఒక్కేళ్లు. డబ్లిన్‌లో అదే ఇంట్లో ఉంటున్నారు. ఆన్సరింగ్ మెషిన్ లేదు. ఫోను రెండోసారి మోగేలోపు ఉషాగారు తీస్తారు.